నేను వద్దనలేదు

నా భార్య కువైట్‌కు వెళ్ళిన సంగతి మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అందరికీ తెలుసు. నేను వద్దంటున్నా వినకుండా వెళ్ళిందని కూడా అందరికీ తెలుసు. ఆ రెండో మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేనే. ఆమెను పంపింది నేను. ఆ మాట చెప్పవలసిన చోట, చెప్పవలసిన రోజున చెప్పలేదు. తర్వాత కూడా చెప్పడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి. అన్నిటినీ దాటేశాను.

మాది నల్లమాడ దగ్గర పల్లె. వాన మీద ఆధారపడ్డ వేరుశనగ తప్ప ఇంకో పంట తెలియదు. తొంభైల చివర్లో వరుసగా పంటలు ఎండిపోతుంటే నేను బోర్లకు ఎగబడ్డాను. ఒకటి ఎండిపోతే ఇంకొకటి. ఆఖరి బోరు వేసిన రోజు పైపులోంచి తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. రిగ్గు లారీ వెళ్ళిపోయింది. ఆ పొడి మాత్రం చేనిగట్టు మీది కానుగ ఆకులకు చాలా రోజులు అంటుకుని ఉండింది, వాన పడితే కదా కడుక్కుపోవడానికి.

మాకు భూములున్నాయని పేరు. ఆ పేరుకు తగ్గట్టే బతకాలి. మా ఇళ్ళ ఆడవాళ్ళు సొంత చేలో పని చేస్తారు గానీ ఒకరి ఇంటికి పనికి వెళ్ళరు. పక్క వీధిలోని ఆడవాళ్ళు కొందరు అప్పటికే కువైట్‌లో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు మిద్దెలు లేస్తుంటే మేం అరుగు మీద కూర్చుని ఆ ఆడవాళ్ళ గురించి నానా మాటలు అనుకునేవాళ్ళం. నేనూ అన్నాను.

మొదట నేనే వెళ్దామనుకున్నాను. కదిరిలో వీసాలు తెప్పించే ఒకాయన ఉంటే ఆయన దగ్గరికి వెళ్ళాను. టీ తెప్పించి, నన్ను తలనుంచి కాళ్ళదాకా చూశాడు.

"డ్రైవింగ్ వచ్చునా అన్నా?"

"ట్రాక్టర్ తోల్తా."

"ట్రాక్టర్ ఆడ ఎవురికి కావల్లన్నా? తోలేదానికి చేనుంటే కదా!" అని నవ్వాడు. "నీ వయసు మొగోళ్ళను ఎవురూ అడగరు. ఇంటి పనికి ఆడమనిషుంటే చెప్పు. వీసా, టికెట్టు వాళ్ళే పంపిస్తారు."

నాకు కోపం రావాలి. రాలేదు. టీ తాగి, ఆడమనిషికి ఏమేం రావాలో అడిగి తెలుసుకుని ఇంటికి వచ్చాను.

కొన్ని రోజులు ఇంట్లో చెప్పలేదు. ఒక పూట ఆమె విత్తనాలకని కాయలు ఒలుస్తూ కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచి అన్నాను: "కదిరిలో ఆడోళ్ళకు వీసాలుండాయంట."

"ఎవురికి కావల్లంట?"

"ఎవురైనా పోవచ్చంట."

"ఎవురైనా అంటే, యాడో ఉండేవాళ్ళా, ఈడ కూచోనుండేవాళ్ళా?"

నేను ఇంకో కాయ అందుకున్నాను. ఆమె కాయలు ఒలవడం ఆపలేదు. "నాకు నలభై దాటింది. ఇప్పుడు పోయి ఆ దేశం మాట యాడ నేర్చుకుందును? నన్నెవురు తీసుకుంటారు?" అంది.

"వంటొస్తే చాలంట. మాటలు అవే వస్తాయంట."

అప్పుడు చేతులు ఆపి నా ముఖంలోకి చూసింది. "అడిగేసొచ్చినావన్న మాట," అంది. మళ్ళీ తనే అంది: "నువ్వు పొమ్మంటే పోతా. నా అంతకు నేనైతే పోను. ఆ మాట నువ్వనాల."

నేను ఆ మాట అనలేదు. తర్వాతి వారం ఆమెను కదిరికి తీసుకెళ్ళాను. అక్కడ మాత్రం తప్పించుకోలేకపోయాను. ఆ వీసాల ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. "మొగుడు నా ముందర నోటితో చెప్తేనే పంపిస్తా అన్నా. రేపొద్దున నా ఇంటి మీదికి కొట్లాటకొచ్చేది మీరే," అన్నాడు. నేను "ఒప్పుకున్నా, పంపిస్తాండా," అన్నాను. విన్నది ఆయన, నా భార్య. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన కదిరి విడిచి వెళ్ళిపోయాడు. ఇంక ఆ మాట ఎరిగినవాళ్ళం ఊళ్ళో మేమిద్దరమే మిగిలాం.

సంగతి ఆమె పుట్టింటికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమెకు ఒక్కడే అన్న. పక్క మండలంలో పేరున్న రైతు, ఒకసారి సర్పంచిగా కూడా చేశాడు. చెల్లెలంటే ప్రాణం. ఏ పండగకూ ఆమెకు చీర రాకుండా ఉండలేదు. మోటారు సైకిలు వాకిట్లో ఆపీ ఆపక ముందే అరిచాడు.

"ఏమప్పా, మా ఇంటి ఆడబిడ్డను అరబ్బోళ్ళ ఇంట్లో గిన్నెలు తోమను పంపిస్తాండావంట! అన్నం పెట్టే శక్తి లేకుంటే నాకు చెప్పు, నేను తీసుకోని పోతా!"

వీధిలో మనుషులు ఆగారు. ఎదురింటి అరుగు మీది వాళ్ళు లేచి నిలబడ్డారు. నా భార్య లోపల రోట్లో పచ్చడి నూరుతోంది. ఆ చప్పుడు వాకిట్లోకి వినిపిస్తోంది. అంటే వాకిట్లో మాట కూడా లోపలికి వినిపిస్తుంది. అది నాకు బాగా తెలుసు.

"నేను వద్దనే అంటి బావా," అన్నాను. "ఎంత చెప్పినా వినల్యా."

రోటి చప్పుడు ఆగింది. మళ్ళీ కొంచెంసేపటికి నాలుగైదు దెబ్బలు వినిపించి, పూర్తిగా ఆగిపోయింది. ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చి అన్న ముందు నిలబడింది. ఆయన అందుకోలేదు.

"ఏం మే, నిజమేనా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు. "అవునన్నా. నేనే పోతాండా," అంది.

"మొగుడు వద్దన్నా?"

"ఆ."

"అట్లైతే ఇంగ నా గడప దొక్కద్దు. నాకు చెల్లెలు ల్యా," అని ఆయన వెళ్ళిపోయాడు. మజ్జిగ చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఆ రోజు ఆమె నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నిజమే చెప్పేవాణ్ణో, ఇంకో అబద్ధమే ఆడేవాణ్ణో. విమానానికని మద్రాసు బస్సు ఎక్కించేటప్పుడు మాత్రం ఒక మాట అంది. "నువ్వు ఈడుండల్ల, పదిమందిలో తిరగల్ల. నేనైతే యాడో ఉంటా, నన్నేమనుకున్యా నాకినపడదు." అది నా మీద దయ. నేను దాన్ని అనుమతి అనుకున్నాను.

శుక్రవారం ఆమెకు కాస్త తీరిక. ఆ రోజు మధ్యాహ్నం నల్లమాడలో టెలిఫోను బూత్ దగ్గర కూర్చుని ఫోను కోసం ఎదురుచూసేవాణ్ణి. మొదటి ఏడు ఆమె గొంతు ఎప్పుడూ బొంగురుగానే వచ్చేది. మూడంతస్తుల ఇల్లట. మెట్లెక్కి దిగలేక మోకాళ్ళు పట్టేసేవట. బట్టలుతికే మిషను గదిలో పక్క వేసుకునేదట, అది తిరుగుతుంటే నేల వణికేదట. చెప్పిన పని అర్థం కాక ఒకదానికి ఒకటి చేస్తే యజమానురాలు కోప్పడేది. ఆ ఇంట్లో మంచం పట్టిన ముసలావిడ ఉంది. ఆమెను చూసుకోవడం చివరికి నా భార్యకే అప్పగించారు. "దానికి నా మాట తెలీదు, నాకు దాని మాట తెలీదు. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటాం, బాగానే ఉండాది," అని నవ్వింది ఒకసారి. ఆ ముసలావిడ దగ్గరే ఆమె అరబ్బీ నేర్చుకుంది.

ఆమె పేరు వాళ్ళ నోటికి తిరగలేదట. వాళ్ళకు అనువైన పేరు ఒకటి పెట్టుకున్నారు. ఒక శుక్రవారం ఆ సంగతి చెప్పి, "నా పేరుతో ఒకసారి పిలుచ్చావా? విని ఎన్నాళ్ళయిందో," అని అడిగింది. మా వైపు మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం లేదు. బూత్‌లో నా వెనక ఇంకా నలుగురు తమ వంతు కోసం కూర్చున్నారు. "ఊరుకో, మనుషులుండారు," అన్నాను. "సరేలే," అని ఆమె వానల సంగతి అడిగింది.

ప్రతి ఫోనులోనూ అడిగే ప్రశ్న మాత్రం ఇంకొకటి. "మా అన్న ఏమన్నా అన్న్యాడా?" నేను ప్రతిసారీ "కోపం తగ్గుతాది లే," అనేవాణ్ణి. నిజం చెబితే ఆ కోపం నా మీదికి మళ్ళుతుందని నాకు తెలుసు.

ఊళ్ళో నా బతుకు మాత్రం తేలికైంది. ఆమె పంపిన డబ్బుతో అప్పులు తీరాయి. నా మర్యాద కూడా ఎక్కడికీ పోలేదు. టీ కొట్టు దగ్గర జనం నా మీద జాలిపడేవారు. "ఆడది మాట వినకుంటే మొగోడేం జేస్తాడప్పా," అని నాకోసం వాళ్ళే వాదించేవారు. నేను టీ గ్లాసు చూస్తూ కూర్చునేవాణ్ణి. మా అబ్బాయి అప్పుడు అనంతపురం హాస్టల్లో ఉండి చదివేవాడు, వాడి ఫీజులు కట్టేది ఆమె డబ్బే. వాడు కూడా ఫోనులో తల్లిని "నాయన వద్దన్నా పోయినావంట కదమ్మా," అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఏం చెప్పిందో వినపడలేదు. వాడు ఫోను నాకిచ్చి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా ఏళ్ళు వాడు తల్లితో ముక్తసరిగానే మాట్లాడాడు.

నాలుగేళ్ళు దాటాక ఆమెకు సెలవు దొరికింది. ఆ సెలవు ఊరికే పెట్టుకున్నది కాదు. అన్నకూతురి పెళ్ళి కుదిరిందని తెలిసి, యజమానురాలిని బతిమాలి ఆ నెలకే తీసుకుంది. మా వైపు పెళ్ళిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోకలి మీద మొదట చెయ్యి వేసేది ఆ ఇంటి ఆడపడుచు. ఆ ఇంటికి ఆడపడుచు ఈమె ఒక్కతే. "ఎంత కోపమున్యా, ఆ పొద్దుకు పిలవకుండా ఉంటాడా?" అంటూ మేనకోడలికని తెచ్చిన పట్టుగుడ్డను రోజుకు రెండుసార్లు పెట్టెలోంచి తీసి మడత మార్చేది.

ఆమె వదిన, అంటే బావ భార్య, పెళ్ళికి పిలవడానికి మా వీధికి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలుస్తోంది. మా వాళ్ళలో బొట్టు పెట్టకుండా చెప్పిన పిలుపు పిలుపు కాదు. నా భార్య తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని గడప లోపల నిలబడింది. వదిన వచ్చి అరుగు కింద నిలబడి నా చేతికి పత్రిక ఇచ్చింది. "రాన్నా, తప్పకుండా రావల్ల," అంది. చేతిలో కుంకుమ భరిణె ఉంది. దాన్ని మూత పెట్టి పక్కింటికి వెళ్ళింది. వెళ్ళేముందు గడప వైపు ఒకసారి చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. మొగుడు చెప్పి పంపాడని అర్థమైంది.

అప్పుడు ఆవిడ వెంట నాలుగడుగులు నడిచి చెబితే చాలు. "అమ్మా, ఆమెను పంపింది నేను" అని. అంతకుమించి ఒక్క ముక్క అక్కర్లేదు. నేను పత్రిక చదువుతూ నిలబడ్డాను.

"నువ్వు పో," అంది నా భార్య లోపలినుంచి. "ఇంటి తరపున ఒకరన్నా పోవల్ల."

నేను వెళ్ళాను. అది కూడా రాస్తున్నాను. వెళ్ళి, భోజనం చేశాను. బావ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నీ మింద నాకేం ల్యా బావా, నువ్వేం జేస్తావు పాపం," అని తానే చెప్పి నా ఆకులో నెయ్యి వేయించాడు. తిన్నాను. ఇంటికి వచ్చేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. "రోకలి ఎవురు పట్టినారు మొదట?" అని మాత్రం అడిగింది. వాళ్ళ చిన్నాయన కూతురని చెప్పాను. పట్టుగుడ్డను ఏం చేసిందో నేను అడగలేదు. సెలవు ఇంకా రెండు వారాలుండగానే కువైట్‌కు తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోనులో అన్న సంగతి అడగడం మానేసింది.

అక్కడి ముసలావిడ చనిపోయాక, ఈమె మోకాళ్ళు పూర్తిగా మొరాయించాక, రెండువేల ఎనిమిది ప్రాంతంలో మా ఆవిడ ఇంటికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. కోళ్ళను అరబ్బీలో అదిలించేది. పొద్దున్నే లేచి ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడేది. వెళ్ళేటప్పుడు ఆ దేశం ఎంత కొత్తో, వచ్చాక ఈ ఊరు ఆమెకు అంత కొత్తగా ఉండింది. పేరంటాలకు పిలవడానికి మా ఇంటి మీదుగా వెళ్తూ కూడా ఆమెను పిలవనివాళ్ళుండేవారు. నేను మాత్రం అన్ని ఇళ్ళకూ వెళ్ళేవాణ్ణి.

ఇలా ఉండగా మా వాళ్ళలోనే ఒకతను, వరుసకు తమ్ముడు, ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతని బోర్లూ ఎండిపోయాయి. పెళ్ళాన్ని కువైట్‌కు పంపించాలనుకుంటున్నాడు.

"ఊర్లో ఏమనుకుంటారో అని భయపడుతుంటినన్నా. మళ్ళ నువ్వు గుర్తొచ్చినావు," అన్నాడు. గొంతు తగ్గించి కన్ను గీటాడు. "నువ్వు చెప్పినట్లే చెప్తా. నేను వద్దంటి, అదే వినల్యా అని. ఎవురూ మనల్నేమనరు. మంచి దోవ చూపిస్తివిలే నువ్వు!"

అతనికి ఎప్పటినుంచి తెలుసో! ఎంతమందికి తెలిసి, తెలియనట్టు నా మీద జాలిపడ్డారో! ఇంతలో లోపలినుంచి నవ్వు వినిపించింది. నా భార్య గడప దగ్గరికి వచ్చింది.

"చెప్పప్పా, అట్లే చెప్పు, బాగుంటాది," అంది అతనితో. "అయితే పోయేదానికి కూడా చెవులుంటాయి. నువ్వు చెప్పేటప్పుడు అది ఇంటాంటాది. అదొకటి గుర్తు పెట్టుకో."

అతను నవ్వబోయి, నవ్వలేక, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆమె లోపలికి వెళ్ళి పని చూసుకుంది. నేను అరుగు మీదే ఉండిపోయాను. నేను చేసింది ఇప్పుడు ఊళ్ళో ఒక ఉపాయం అయిపోయింది. నాతో ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే బావ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మాయి పెళ్ళి తర్వాత అంత పొద్దున్నే ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయన కంగారుగా, "ఏమైంది బావా?" అంటూ ఎదురొచ్చాడు. కూర్చోకుండానే చెప్పేశాను. కదిరిలో అన్న మాట, వాకిట్లో ఆడిన అబద్ధం, రోటి చప్పుడు, అన్నీ. కొడతాడనుకున్నాను.

"నా బిడ్డ పెండ్లిలో నా పక్కన కూచోని తింటివే," అన్నాడు. "ఆ అన్నం ఎట్ల దిగిందప్పా నీకు?"

ఇంటికి రమ్మని అడిగాను. "ఏ మొగం పెట్టుకోని రావల్ల? వాకిట్లో నిలబడి చెల్లెలు ల్యా అని అరిచినోణ్ణి నేను," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి నా భార్య పెరట్లో చాప మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు ఆముదం రుద్దుకుంటోంది. మీ అన్నకు నిజం చెప్పి వచ్చానని చెప్పాను. ఆమె సంతోషిస్తుందని కాకపోయినా, కనీసం ఏడుస్తుందని అనుకున్నాను.

"ఎవురు పొమ్మన్యారు నిన్ను?" అంది.

నేను చెప్పులు విప్పబోయి ఆగాను.

"ఇన్నేండ్లు నా మింద కోపంతో ఆయప్ప నెమ్మదిగా ఉండె. ఇప్పుడు చెల్లెల్ని ఊరకే దూరం చేసుకుంటినే అని కుమిలిపోతాడు. నీ బరువు తీసుకోనిపోయి ఆయన నెత్తిన పెట్టొస్తివి." ఆమె గొంతు పెరిగింది. ఇన్నేళ్ళలో నా మీద ఆమె గొంతు పెరగడం అదే మొదలు. "ముందర మా అన్నకు చెప్పినావు. నాకు చెప్పినావా ఎప్పుడన్నా?"

"నీకు తెల్సు కదా."

"నాకు తెలిసింది వేరే. నువ్వు చెప్పేది వేరే."

పక్కింటి వాళ్ళు గోడ అవతల మాటలాపి వింటున్నారు. ఈసారి నేను గొంతు తగ్గించలేదు. చాప పక్కన నేల మీద కూర్చున్నాను.

"నిన్ను పంపించింది నేను," అన్నాను. "నీకు పోవల్లని ల్యా. నేనే అడిగొచ్చి, నేనే తీసుకపోయి, నేనే ఒప్పుకుంటి. మీ అన్న అడిగిన పొద్దు నువ్వు లోపల ఇంటాండావని తెలిసే అబద్ధం చెప్తి. నిన్ను చెడ్డదాన్ని చేసి నేను మంచోడినైతి. ఆ మంచితనంతోనే ఇన్నేండ్లు తిరిగినా. తప్పు చేసినా. నన్ను మన్నించు."